నన్నారి సీసాలో వేరెంత, చక్కెరెంత?

ఎండలు ముదిరితే తిరుపతి, చిత్తూరు వీధుల్లో నన్నారి వేరు షర్బత్ బండ్లు వెలుస్తాయి. నిమ్మకాయ పిండి, నానిన సబ్జా గింజలు వేసి, సోడా కలిపి ఇస్తారు. ఒంట్లో వేడి తీస్తుందని, రక్తం శుద్ధి చేస్తుందని చెబుతారు. ఆ మంచి పేరు సంపాదించింది వేరు. సీసాలో ఎక్కువగా ఉండేది మాత్రం చక్కెర.

నన్నారి పేరుతో రెండు వేర్లు చలామణిలో ఉన్నాయి. ఒకటి సన్నని సుగంధిపాల. రెండోది శేషాచలం కొండల్లో దొరికే లావుపాటి మారేడు కొమ్ములు (డెకాలెపిస్ హామిల్టోనీ). రెండింటి పరిమళానికీ మూలం ఒకటే: 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌లోని పరమాణువులే ఇందులోనూ ఉంటాయి, అమరిక మాత్రం వేరు. ఈ పరిమళ పదార్థం ఆవిరితో ఎగిరిపోతుంది. అందుకే వేరును కడిగి, దంచి, నడిమి గట్టి ఈనె తీసేసి, మూతపెట్టి కాచాలి. మూత లేకుండా మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, పాకంలో వాసన మిగలదు.

మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్ఐ) శాస్త్రవేత్తలు మారేడు కొమ్ముల సారంలో యాంటీఆక్సిడెంట్లను గుర్తించారు. ఎలుకల్లో అది కాలేయాన్ని కాపాడటం చూశారు. విలువైన పరిశోధనే, కానీ అది షర్బత్ మీద జరిగింది కాదు. చిక్కని షర్బత్‌లో మూడింట రెండు వంతుల దాకా చక్కెరే. గ్లాసులో 40 గ్రాములు పోస్తే దాదాపు 26 గ్రాముల చక్కెర లోపలికి వెళ్తుంది. అదనపు చక్కెర రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకపోతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మధుమేహం ఉన్నవారికి ఈ షర్బత్‌ను ఔషధమని అమ్మడం అన్యాయం. పరిమళమే కావాలంటే దంచిన వేరును వేడినీళ్లలో మూతపెట్టి నాననిచ్చి, చక్కెర లేకుండా తాగవచ్చు.

అసలు దిగులు మారేడు కొమ్ముల మొక్క గురించి. తీగను బతికించే గడ్డనే తవ్వేస్తారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది. ఇది పెరిగే శేషాచలం 2010లోనే బయోస్ఫియర్ రిజర్వ్ అయినా తవ్వకం సాగుతోంది. కూలి కోసం కొండెక్కి వేరు తవ్వే యానాది గిరిజనులను తప్పుపట్టి లాభం లేదు. వేరుతో వ్యాపారం చేసేవారు మెట్ట పొలాల్లో దాన్ని పండించాలి, ఆ సాగులో యానాదులకు వాటా ఇవ్వాలి. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కూడా నన్నారి షర్బత్ అమ్ముతోంది. ఏ మొక్క, ఎంత శాతం, అడవిదా పొలానిదా అన్నది సీసా మీద ముద్రించే పనికి ఆ సంస్థే ముందుకు రావాలి.

పాఠకులు చేయగలిగింది కూడా ఉంది. లేబుల్ మీద ఎక్కువ బరువున్న పదార్థం పేరే ముందు రాయాలన్నది నిబంధన. ఈ వేసవిలో సీసా కొనే ముందు ఆ వరుసలో వేరు ఎన్నో స్థానంలో ఉందో చూడండి, లేకపోతే దుకాణదారుణ్ని అడగండి.