తాళంచెవికీ ఒక మియాదు

మన ప్రాంతపు పెద్దలు సంతకాన్ని దస్తఖతు అనీ, ముద్రను మొహరు అనీ, గడువును మియాదు అనీ నేటికీ అంటూ ఉంటారు. ఉర్దూ పాలనాభాషగా ఉన్న నాటి హైదరాబాదు సంస్థానపు కచేరీల నుండి వచ్చిన ఈ మాటలు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల తెలుగులో పాలలో చక్కెరవలె కలిసిపోయాయి. చిత్రమేమంటే, ఈ మూడు మాటల అర్థమూ నేడు బొటనవేలంత వస్తువులో ఇమిడిపోయింది. దానినే మన పల్లెల్లో డిజిటల్ కీ అంటున్నారు. గ్రామపంచాయతీ నిధుల చెల్లింపునకు నేడు ఆ కీతో చేసిన సంతకం కావాలి. దాని మియాదు తీరిననాడు నిధులున్నా బిల్లు కదలదు.

కావున ఈ మియాదు అంటే ఏమిటో, అది తీరినప్పుడు ఏమి చేయాలో తెలుసుకొనడం ప్రతి విద్యావంతుని విధి అని నా అభిప్రాయం.

ఈ విద్యకు మూలం 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు లోకానికి తెలిపిన జంట తాళంచెవుల సిద్ధాంతం. ఒక చెవి యజమాని వద్ద రహస్యంగా ఉంటుంది. రెండవది అందరికీ బహిరంగం. రహస్యపు చెవితో చేసిన సంతకాన్ని బహిరంగపు చెవితో ఎవరైనా సరిచూడవచ్చు. బహిరంగపు చెవితో మూసిన లేఖను రహస్యపు చెవి గలవాడే తెరవగలడు. మన దేశంలో 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఇట్టి సంతకానికి చట్టబద్ధత కల్పించింది. లైసెన్సు పొందిన సంస్థలు వ్యక్తి పేరిట ధ్రువపత్రం ఇస్తాయి. దానిపై ఆరంభ, అంత్య తేదీలు రెండూ ఉంటాయి. సాధారణంగా మియాదు ఒకటి నుండి మూడేళ్లు.

ఇక్కడ మొదటి చిక్కు వస్తుంది. పదవి మియాదు వేరు, ధ్రువపత్రపు మియాదు వేరు. 2019లో ఎన్నికైన మన సర్పంచుల పదవీకాలం 2024 జనవరి చివర ముగిసి, ప్రత్యేకాధికారులు వచ్చారు. మరల ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. పదవి ముగిసిననాడు ధ్రువపత్రానికి ఇంకా ఏడాది మిగిలి ఉండవచ్చు. పదవి ఉండగానే ధ్రువపత్రం తీరిపోవచ్చు. మొదటి సందర్భంలో దానిని రద్దు చేయించాలి. రెండవ సందర్భంలో ముందుగానే కొత్తది తీసుకోవాలి. పాత మొహరును కొత్తవారికి అప్పగించినట్లు ఈ కీని అప్పగించడం తగదు. అది పదవికి కాదు, వ్యక్తికి చెందినది.

రెండవ చిక్కు ప్రోగ్రాముల మధ్య భేదం. ఒకే తాళంచెవిని ఒక ప్రోగ్రాము చెల్లునంటుంది, మరొకటి చెల్లదంటుంది. దీనికి కారణం మంత్రమూ కాదు, మాయా కాదు. ప్రతి ప్రోగ్రామూ తన వద్దనున్న ప్రతిని చూసి తీర్పు చెబుతుంది. 2021 సెప్టెంబరు 30న ఒక పాత మూల ధ్రువపత్రపు గడువు తీరినప్పుడు, కొత్త ఫోనులో చక్కగా తెరుచుకున్న వెబ్‌సైట్లే అనేక పాత యంత్రాలలో మొరాయించాయి. లోపం వెబ్‌సైటులో లేదు. పాత యంత్రాల జాబితాలో కొత్త మూలం చేరకపోవడంలో ఉన్నది.

ఉత్తరాలను గుప్తంగా పంపే ఓపెన్‌పీజీపీ పద్ధతిలోనూ ఇంతే. అందులో యజమాని తన రహస్యపు చెవితో గడువు తేదీని తానే పొడిగించుకోవచ్చు. గడువు దాటిన తరువాత కూడా ఇది సాధ్యమే. కాని జీపీజీలో పొడిగించినంత మాత్రాన థండర్‌బర్డ్‌కు ఆ సంగతి తెలియదు. 2020లో వచ్చిన 78వ కూర్పు నుండి అది తన తాళంచెవుల గుత్తిని తానే వేరుగా దాచుకుంటున్నది. కొత్త తేదీ గల ప్రతిని అక్కడికీ చేర్చాలి. మనకు ఉత్తరాలు వ్రాసే మిత్రులకూ పంపాలి. అంతేగాక, ప్రధానమైన చెవికి ఒక తేదీ, గుప్తీకరణకై ఉన్న ఉపచెవికి మరొక తేదీ ఉంటాయి. మొదటిదాన్ని పొడిగించి రెండవదాన్ని మరచినవారే ఎక్కువ. డిజిటల్ కీ విషయంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. అందలి తేదీ ధ్రువపత్రం ఇచ్చిన సంస్థ సంతకంతో ముడిపడి ఉన్నందున దానిని ఎవరూ దిద్దలేరు, కొత్తదే తీసుకోవాలి.

ఇన్నిటికన్నా ముందు చూడవలసింది గడియారం. మదర్‌బోర్డుపై ఉండే చిన్న బ్యాటరీ అయిపోయిన కంప్యూటరు ఏళ్లు వెనక్కి పోయి, నిన్న తీసుకున్న ధ్రువపత్రాన్ని ఇంకా ఆరంభం కాలేదని తిరస్కరిస్తుంది. కొద్ది రూపాయల బ్యాటరీ మారిస్తే పోయే వ్యాధికి కొత్త కీ కొనడం అవివేకం.

మరి రెండు అపోహలను తొలగించుకొనడం అవసరం. గడువు తీరిన రహస్యపు చెవిని పనికిరానిదని చెరిపివేయరాదు. దాని జంట అయిన బహిరంగపు చెవితో మూసిన పాత ఉత్తరాలను తెరవగలిగినది అదొక్కటే. చెరిపితే ఆ ఉత్తరాలు శాశ్వతంగా మూగబోతాయి. అట్లే, డౌన్‌లోడు చేసిన ఆధార్ పత్రంలో సంతకంపై ప్రశ్నార్థకం కనిపించగానే అది దొంగపత్రమని తీర్మానించరాదు. ఆ సంతకం మూలాన్ని ఈ యంత్రం ఇంకా నమ్మడం లేదని మాత్రమే దాని అర్థం. మియాదులో ఉండగా చేసిన దస్తఖతు, మియాదు తీరగానే అబద్ధమైపోదు. పదవీ విరమణ చేసిన తహసీలుదారు నాడు ఇచ్చిన పత్రాన్ని నేడు మనం చించివేస్తున్నామా?

ఇంత తంటా ఎందుకు, మియాదే లేకుండా చేయరాదా అని కొందరంటారు. వారితో నేను ఏకీభవించను. కీ పోవచ్చు, యజమాని మరణించవచ్చు, రద్దు చేయించడం ఎవరికీ గుర్తుండకపోవచ్చు. అప్పుడు తనంతట తానే తలుపు మూసేది ఆ తేదీ ఒక్కటే. లోకం కూడా మియాదును తగ్గించుకుంటూనే పోతున్నది. వెబ్‌సైటు ధ్రువపత్రాలకు 2020లో 398 రోజులుగా కుదించిన గరిష్ఠ గడువును 2029 నాటికి 47 రోజులకు తేవాలని 2025లో నిర్ణయించారు. కావున ఈ తేదీలు ఇకపై మన తలుపు మరింత తరచుగా తడతాయి.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. కార్యాలయంలో ఒక చిన్న రిజిస్టరు తెరిపించండి. ఏ కీ ఎవరి పేరిట ఉన్నది, ఏనాడు తీరుతుంది, ఏయే యంత్రాలలో దాని ప్రతి ఉన్నది అని వ్రాయించి, నెల ముందుగానే గుర్తుచేసే బాధ్యత ఒకరికి అప్పగించండి. కీని, దాని పిన్‌ను మరొకరి చేతిలో పెట్టే అలవాటును మాన్పించండి. విద్యార్థి మిత్రులారా, మీలో పలువురి ఇళ్లు పంచాయతీ కార్యాలయానికి కూతవేటు దూరంలోనే ఉంటాయి. సెలవులలో ఒక్కసారి లోనికి వెళ్లి, మన ఊరి కీ మియాదు ఎప్పటివరకని మర్యాదగా అడగండి. ఆ ఒక్క ప్రశ్న వలన నెలల తరబడి ఆగవలసిన పారిశుద్ధ్య కార్మికుని జీతం సకాలంలో అందితే, మన చదువు సార్థకమైనట్లే.