పారిపోయిన వాళ్ళు కారు, మోసపోయిన వాళ్ళు

అబూ హలీఫాలో శుక్రవారం అంటే మనవాళ్ళ సందడే వేరు. పొద్దున బట్టలుతుక్కుని, మధ్యాహ్నానికి ఇంత కోడికూర వండుకుని, సాయంత్రం సముద్రం ఒడ్డుకు పోయి ఇంటివాళ్ళతో ఫోన్లో కబుర్లు చెప్పుకునే రోజు. అలాంటి ఒక శుక్రవారం మా బిల్డింగు హారిస్ గది ముందు ఒక తెలుగు ఆడమనిషి కూర్చుని కనిపించింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే చెప్పులు. గోదావరి జిల్లా మనిషి. అయిదు నెలలుగా జీతం లేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, ఫోను మేడమ్ దగ్గర. "నన్ను ఇంటికి పంపించెయ్యండన్నా, ఆ జీతం కూడా వద్దండి" అన్నది ఆమె నోట వచ్చిన మొదటి మాట.

మరి చుట్టూ చేరిన మనవాళ్ళ మొదటి మాట ఏమిటి? "ఖల్లివెల్లి అయి వచ్చినట్టుంది, మనకెందుకొచ్చిన గొడవ!"

అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది. కఫీల్ ఆమెను "పరారీ" అని రాయించాడు. మనం "ఖల్లివెల్లి" అన్నాం. రేపు ఊరు చేరితే అక్కడి అధికారులు "గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మహిళ" అంటారు. "ఈమెను అమ్మేశారు, ఈమె బాధితురాలు" అనే మాట మాత్రం ఎవరి నోటా రాదు. జబ్బు పేరు తెలియకుండా మందు ఎలా ఇవ్వరో, బాధితురాలని గుర్తించకుండా ఆమెకు న్యాయమూ అలాగే జరగదు.

మనుషుల అక్రమ రవాణా అంటే సినిమాల్లో చూపించినట్టు చేతులు కట్టేసి లారీలో తోసుకుపోవడం అనుకుంటాం. 2000 సంవత్సరంలో ఐక్యరాజ్యసమితి చేసిన పలెర్మో ప్రొటోకాల్ అలా చెప్పలేదు. మోసంతోనో, బెదిరింపుతోనో, మనిషి నిస్సహాయతను వాడుకునో ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చి వెట్టి చేయించుకుంటే అది అక్రమ రవాణాయే. "తనే ఇష్టపడి వెళ్ళింది కదా" అన్న వాదన అక్కడ చెల్లదు. కువైట్ ఈ ఒప్పందంలో 2006లో చేరింది, భారత్ 2011లో ఆమోదించింది. ఆస్పత్రిలో ఆయా పని అని చెప్పి, పదిమంది ఉన్న ఇంట్లో రాత్రీ పగలూ చాకిరీ చేయించి, జీతం ఎగ్గొట్టి, తలుపుకు తాళం వేస్తే దాన్ని ఇంకేమనాలి?

కువైట్ ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనడం న్యాయం కాదు. 2013లో తెచ్చిన 91వ నంబరు చట్టం మనుషుల రవాణాకు 15 ఏళ్ళ నుంచి యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది. 2014లో జిలీబ్‌లో ఇంటిపని మహిళల కోసం పెద్ద ఆశ్రయ కేంద్రం తెరిచారు. 2015 నాటి 68వ చట్టం ఇంటిపనివాళ్ళకు వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏడాదికి నెల రోజుల సెలవు ఇచ్చింది. పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు దాచుకోకూడదని కూడా అదే చట్టం చెప్పింది. 2025 జనవరి 5 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నివాస చట్టం వీసాల అమ్మకం మీద శిక్షలు కఠినం చేసింది.

కానీ చట్టం కాగితం మీద ఉంటే, ఆ తల్లి తాళం వేసిన ఇంట్లో ఉంటుంది. ఆమె ఫిర్యాదు చేసేలోపే కఫీల్ పరారీ కేసు పెడితే పట్టుకున్న పోలీసుకు కనిపించేది అకామా లేని మనిషే గానీ, ఆరు నెలల జీతం పోయిన మనిషి కాదు. 2018లో, 2020లో, మళ్ళీ 2024లో క్షమాభిక్ష ఇచ్చారు, వేలమంది ఊరు చేరారు. సంతోషమే. అయితే క్షమాభిక్ష అనే మాటలోనే తప్పు చేసింది వీళ్ళే అన్న అర్థం ఉంది. మనిషిని ఆ గతికి తెచ్చింది ఎవరని అడగకుండా విమానం ఎక్కిస్తే సగం పనే అయినట్టు.

మిగతా సగం మన ఊళ్ళోనే ఉంది. ఆ గోదావరి ఆడపడుచును మేము ఎంబసీకి తీసుకుపోయాం. అక్కడి షెల్టర్‌లో ఉండి, రెండు నెలలకు తెల్ల పాస్‌పోర్టు మీద ఊరు చేరింది. నెల తర్వాత ఫోన్ చేసి అన్నది: "నన్ను పంపిన ఏజెంటే మా పక్క వీధి పిల్లకి వీసా తెచ్చాడంటన్నా." ఆమె తిరిగొచ్చాక నిన్నెవరు పంపారు, ఎంత తీసుకున్నారు, ఏం పనని చెప్పారు అని అడిగిన అధికారి ఒక్కడూ లేడు. అడిగుంటే ఆ రెండో పిల్ల పెట్టె సర్దుకునేది కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలోనే మహిళల అక్రమ రవాణాను అరికట్టడానికి ఒకటో నంబరు జీవో ఇచ్చి జిల్లా కమిటీలు పెట్టారు. దేశంలో ముందు నిలిచిన ప్రయత్నం అది. కానీ దాని చూపు ప్రధానంగా లైంగిక వ్యాపారం మీదే. వంటింట్లో బందీ అయిన గల్ఫ్ మహిళ ఆ చూపులో పడలేదు. ఇప్పుడు పోలీసుల్లో అక్రమ రవాణా నిరోధక విభాగాలున్నాయి, సఖి కేంద్రాలున్నాయి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ మోసంతో మనిషిని తరలించి బానిసలా వాడుకుంటే కనీసం 7 ఏళ్ళ జైలు అంటోంది, బాధితురాలి సమ్మతి లెక్కలోకి రాదనీ చెబుతోంది. అయినా ఏజెంటు మీద ఫిర్యాదు ఇస్తే తరచూ చీటింగ్ కేసు రాసి, తీసుకున్న డబ్బులో కొంత ఇప్పించి రాజీ చేస్తారు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 5 లక్షలు ఇవ్వాలని 2024లో తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. మంచి పని. బతికుండగా చెరలో చిక్కిన మనిషిని గుర్తించడంలోనూ రెండు ప్రభుత్వాలకూ అంత పట్టుదల ఉండాలి.

మేము అడిగేది కొండ మీది కోతి కాదు. తెల్ల పాస్‌పోర్టు మీద దిగిన ప్రతి మహిళనూ విమానాశ్రయంలోనో, జిల్లాలోనో ఒక మహిళా అధికారి కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలడగాలి. ఆ జవాబులు ఆమె ఊరి స్టేషన్‌కు చేరాలి. కేసు 143 కింద కట్టాలి. ఏ ఏజెంటు ఎవరిని ఏ దేశం పంపాడో పంచాయతీలో ఒక పుస్తకం ఉండాలి. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుతో 30 ఏళ్ళు నిండని మహిళ ఇంటిపనికి రాకూడదన్న నిబంధన ఉండగానే విజిట్ వీసా మీద దొడ్డిదారిన దాటిస్తున్నారు. ఆ దారి ఎక్కడ మొదలవుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు, అధికారులకే తెలియదు!

ఇక మన సంగతి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. బయటపడిన ఆడమనిషిని "పార్ట్‌టైమ్ పని చూపిస్తా అక్కా" అని తీసుకుపోయి ఇంకో ఇంటికి అమ్మేది కూడా మన భాష మాట్లాడేవాడే. అలాగని జాలిపడి గదిలో దాచడమూ మంచిది కాదు. అకామా లేని మనిషికి చోటివ్వడం ఇక్కడ నేరం, ఆమెకూ మనకూ ముప్పే. నేరుగా ఎంబసీకి తీసుకుపోండి. ఊళ్ళో ఆమె ఇంటివాళ్ళ చేత మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించండి. ఏజెంటు పేరు, డబ్బు ఇచ్చిన రసీదు, వీసా కాపీ, వాట్సాప్ మాటలు జాగ్రత్తగా దాచమనండి. రేపు కోర్టులో సాక్ష్యం అవే.

అన్నిటికన్నా ముందు, ఈసారి హారిస్ గది ముందు అలాంటి మనిషి కనిపిస్తే ఖల్లివెల్లి అనకండి. "అమ్మా, అన్నం తిన్నావా, నిన్నెవరు పంపారు?" అని అడగండి. అధికారులు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. వాళ్ళకన్నా ముందు ఆమె ఎదురుగా నిలబడేది మనమే.