కొట్టినా కాపురమేనా? ఆడపిల్లకు అండగా నిలబడదాం!

నర్సీపట్నం అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా!

దెబ్బలు తిని పుట్టింటికొచ్చిన పిల్లకు రెండ్రోజులు అన్నం పెడతాం. మూడో రోజు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, "సర్దుకుపోవాలమ్మా" అని సాగనంపుతాం. కొట్టేవాడికి కొండంత ధైర్యం ఇస్తున్నది మనమే!

ఈ గుర్తులు కనిపెట్టండి

మండుటెండలో నిండు చేతుల జాకెట్టు. ఫోన్ ఎత్తితే ఎప్పుడూ స్పీకర్‌లోనే, పక్కన భర్త. డ్వాక్రా లోను ఆమె పేరున, డబ్బు అతని జేబులో. కొట్టడమొక్కటే కాదు, అవమానించడం, బెదిరించడం, డబ్బు లాక్కోవడం కూడా 2005 గృహహింస చట్టం ప్రకారం హింసే.

ఇలా తోడుండండి

★ ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే అడగండి. చెప్పింది నమ్మండి. "తప్పు నీది కాదు, అర్ధరాత్రయినా మా ఇంటికొచ్చేయ్" అనండి.

★ వెంటనే వచ్చేయమని తొందరపెట్టొద్దు. ఇల్లు వదిలే సమయంలోనే ప్రమాదం ఎక్కువ. ఎప్పుడు, ఎలా అన్నది ఆమె ఇష్టం.

★ మీరెళ్లి భర్తను నిలదీయొద్దు. మీరు గుమ్మం దాటాక ఆ కోపమంతా ఆమె మీదే చూపిస్తాడు.

★ ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్ల జిరాక్సులు మీ బీరువాలో దాచండి.

★ దెబ్బ తగిలితే ఏరియా ఆస్పత్రికి వెంట వెళ్లండి. "మెట్ల మీంచి పడ్డాను" అనకుండా, జరిగింది డాక్టరుకు చెప్పి రాయించుకోమనండి.

చట్టం ఆమె వైపే

ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు. ఫిర్యాదు ఆమే చేయాలని లేదు. హింస జరుగుతోందని నమ్మకంగా తెలిస్తే, ఇరుగుపొరుగువారైనా ఈ చట్టం కింద పనిచేసే రక్షణాధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు.

నోటికి వచ్చేలా గుర్తుపెట్టుకోండి

ప్రాణం మీదికొస్తే: 112
మహిళా హెల్ప్‌లైన్, సఖి కేంద్రం సాయం: 181
ఉచిత న్యాయ సహాయం: 15100

జాగ్రత్త! ఈ కాగితం ఆమె చేతికి ఇవ్వొద్దు. ఇంట్లో దొరికితే మళ్లీ దెబ్బలే. నంబర్లు నోటితో చెప్పండి. కాగితాన్ని పక్కింటివారికి ఇవ్వండి. మీ వీధిలో మీకు అనుమానమున్న ఆ ఒక్క ఆడపిల్లను ఈ వారంలోనే పలకరించండి!