లెక్కలోకి రాని అటెండెంట్

పక్షవాతం వచ్చిన మనిషినైనా, రక్త క్యాన్సర్ బయటపడ్డ పిల్లవాడినైనా పెద్దాస్పత్రిలో చేర్చుకునేటప్పుడు కేస్‌షీట్ మీద ఒక్క పేరే రాస్తారు. నిజానికి ఆ రోజు ఇంట్లోంచి ఇద్దరు కదులుతారు. రెండో మనిషి చేతిలో అటెండెంట్ పాస్ ఒకటి పెడతారు, అంతే. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపే జబ్బయితే ఇదో పెద్ద విషయం కాదు, ఎవరో ఒకరు సర్దుకుంటారు. నెలల తరబడి వార్డులోనే గడపాల్సిన జబ్బుల్లో మాత్రం ఆ రెండో మనిషి తిన్నాడా, పడుకున్నాడా, ఇంకెన్నాళ్లు పని మానుకుని ఉండగలడన్న దాన్ని బట్టే వైద్యం సాగుతుంది. మన ఆరోగ్య పథకాలు ఆపరేషన్‌కు ధర కట్టాయి, మందుకు కట్టాయి, స్టెంటుకూ కట్టాయి. అటెండెంట్‌ని మాత్రం చుట్టపుచూపుగా వచ్చినవాడి కిందే జమకడుతున్నాయి. సుదీర్ఘ చికిత్సలో ఉన్న రోగికి తోడుండే మనిషిని ఆ చికిత్సలో భాగంగానే గుర్తించాలి. అతనికి పడుకునే చోటు, కొంత శిక్షణ, పోయిన కూలికి పరిహారం ఇవ్వాలి.

అటెండెంట్ చేసే పనేమిటో ఏ ప్రభుత్వ ఆస్పత్రి న్యూరాలజీ వార్డులోనైనా ఒక రాత్రి నిలబడి చూస్తే తెలుస్తుంది. సెలైన్ అయిపోవస్తుంటే సిస్టర్‌ని పిలవాలి. యూరిన్ బ్యాగు నిండితే ఒంపాలి. కదల్లేని రోగికి వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదది. పక్క మంచం తాలూకు వాళ్లను లేపాలి, రేపు వాళ్లకు అవసరమైతే తను లేవాలి. తెల్లారితే శాంపిల్ పట్టుకుని ల్యాబ్‌కు, స్ట్రెచర్ తోసుకుంటూ స్కానింగ్‌కు, చీటీతో బయటి మందుల షాపుకు పరుగు. రక్తం ఎక్కించాలంటే దాతను కూడా తనే వెతుక్కోవాలి. ఇందులో సగం పని నర్సుది, వార్డుబాయ్‌ది. బోధనాస్పత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం. ఆ ప్రమాణం కాగితం దాటి వచ్చిన వార్డు మన దగ్గర అరుదు. ఆ ఖాళీని జీతం అడగని మనిషి పూడుస్తున్నాడు. పైగా నడవలో అడ్డంగా పడుకున్నాడని సెక్యూరిటీ గార్డు చేత మాట పడేదీ అతనే.

కుటుంబాన్ని ఆస్పత్రి లోపలికి తీసుకోవడం మనకు కొత్తేమీ కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి రోగుల బంధువులను వాళ్లతోపాటే ఉంచారు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ మానసిక ఆరోగ్య కేంద్రం కూడా కుటుంబ సభ్యులు వెంట ఉండాలన్న పద్ధతినే పాటించింది. బ్రిటన్‌లో అప్పటికి సంగతి వేరు. ఆస్పత్రిలో ఉన్న పిల్లలను చూడటానికి తల్లిదండ్రులకు కూడా వేళలు గీసిపెట్టేవారు. తల్లికి దూరమై వార్డులో గడిపిన రెండేళ్ల పాప పడే బాధను జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో సినిమాగా చూపిస్తే వైద్యులే మండిపడ్డారు. 1959 నాటి ప్లాట్ నివేదికతో అక్కడి ఆలోచన మారింది. చిన్నపిల్లల పక్కన తల్లి ఉండేందుకు వసతి కల్పించాలని అది చెప్పింది. వాళ్లు వాదించి తెచ్చుకున్నది మన దగ్గర ఎవరూ అడగకుండానే ఉంది. తోడుండనివ్వడంతోనే పని అయిపోయిందని మనం అనుకోవడమే చిక్కు.

ఎందుకు అయిపోలేదో ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి పిల్లల క్యాన్సర్ విభాగం అనుభవం చెబుతుంది. పిల్లల లుకేమియాకు చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది. 2009 ప్రాంతంలో అక్కడికి వచ్చిన కుటుంబాల్లో ఐదింట ఒకటి దాకా చికిత్స వద్దనో, మధ్యలో మానేసో వెళ్లిపోయేవి. మందు పనిచేయక కాదు. నగరంలో గది అద్దె, తిండి, ఊళ్లో ఆగిపోయిన పని, అక్కడ వదిలేసి వచ్చిన మిగతా పిల్లలు, ఇవీ కారణాలు. బస, భోజనం, డబ్బు సాయం, చెప్పుకోవడానికో మనిషి, వీటిని ఒక పద్ధతిగా ఏర్పాటు చేశాక కొన్నేళ్లలోనే ఆ సంఖ్య ఐదు శాతం దరిదాపులకు దిగింది. కొత్త మందేదీ కనిపెట్టక్కర్లేకుండానే పిల్లలు బతికారు. మన నీలోఫర్‌లో గానీ, ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో గానీ, విశాఖ కేజీహెచ్‌లో గానీ దూరపు జిల్లాల నుంచి వచ్చి చేరే కుటుంబాల బాధలు వీటికి భిన్నం కావు.

డబ్బు దగ్గరికొస్తే, పోయిన కూలికి పరిహారం ఇవ్వాలన్న సూత్రాన్ని మన ప్రభుత్వాలు ఎప్పుడో ఒప్పుకున్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్ ఇరవై ఐదు లక్షలకు పెంచాయి. అంతకన్నా ముఖ్యమైన అడుగు ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో పడింది. ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా, ఆసరా కింద రోగికి ఇవ్వడం మొదలుపెట్టారు. ఈఎస్‌ఐలోనైతే కార్మికుడికి జబ్బు చేస్తే జీతంలో 70 శాతం, దీర్ఘవ్యాధుల్లో 80 శాతం ఇచ్చే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. పోయిన కూలి కూడా జబ్బు ఖర్చే అని దీని అర్థం. అలాంటప్పుడు ఒకే మంచం దగ్గర ఇద్దరి కూలి పోతుంటే ఒకరిదే లెక్కించడం ఏం న్యాయం? 2022లో హైదరాబాద్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో అటెండెంట్లకు ఐదు రూపాయల భోజనం పెట్టారు, ఆంధ్రాలో అన్న క్యాంటీన్లున్నాయి. మంచివే. ఒక పూట ఆకలి తీరుతుంది, చేసిన అప్పుకు ఆ నెల వడ్డీ మాత్రం కట్టాల్సిందే.

అటెండెంట్లు ఎక్కువైతే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయని డాక్టర్లు అంటారు. ఒక్క రోగి చుట్టూ పదిమంది మూగే మన అలవాటు చూస్తే ఆ భయం తీసిపారేసేది కాదు. అయితే బ్రెజిల్‌లో 36 ఐసీయూలలో జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో బంధువులను రోజుకు పన్నెండు గంటల దాకా ఉండనిచ్చినా ఇన్ఫెక్షన్లు పెరగలేదు. రోగుల మతిభ్రమ తగ్గుతుందన్న ఆశ మాత్రం ఫలించలేదు, అదీ చెప్పాలి. బంధువుల ఆందోళన స్పష్టంగా తగ్గింది. ఆ బంధువులకు ముందుగా శిక్షణ ఇచ్చారన్నది అసలు సంగతి. గుంపును ఆపడానికీ, చేతులు కడుక్కోవడం నేర్చుకున్న ఒక్క మనిషికి మంచం పక్కన చోటివ్వడానికీ పొంతన లేదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం నర్సుల నుంచి వస్తుంది. అటెండెంట్‌కు గుర్తింపు, భత్యం ఇస్తే ఖాళీ పోస్టులు ఇక నింపరు, చవగ్గా పని జరిగిపోతోందని ప్రభుత్వం కాలు బార్లా చాపుకుంటుంది అంటారు. ఇది ఊహ కాదు, మన చరిత్ర తెలిసినవాళ్ల భయం. అయితే ఇవాళ జరుగుతున్నదీ అదేగా, కాకపోతే రాతపూర్వకంగా లేదు. రాతలో లేదు కాబట్టే ముక్కు గొట్టంలోంచి ఆహారం పోయడం లాంటి పనులు కూడా ఎవరూ నేర్పకుండానే ఇంటివాళ్ల మీద పడుతున్నాయి. పొరపాటున ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదికొస్తుంది. ఏ పని ఇంటివాళ్లది, ఏది ముమ్మాటికీ నర్సుది అని వార్డు గోడ మీద రాసిపెడితే నర్సుల సంఘాలకు కొరత గురించి అడగడానికి ఇప్పటికంటే గట్టి ఆధారం దొరుకుతుంది.

ఖర్చూ, దుర్వినియోగమూ అంటారా, పది రోజులు దాటిన అడ్మిషన్లకే, మంచానికి ఒక్కరికే ఇస్తే చాలు. అడ్మిషన్, డిశ్చార్జ్ తేదీలు ఆరోగ్యశ్రీ కంప్యూటర్లలో ఎలాగూ ఉంటాయి. దొంగ బిల్లులు పెట్టే ఆస్పత్రులను భరిస్తూ వచ్చిన పథకం, రోజు కూలి పోగొట్టుకున్నవాడి దగ్గర మాత్రం అనుమానం మొదలుపెట్టడం సబబు కాదు.

ఇక పడుకునే చోటు మాటకొస్తే, హైదరాబాద్ గోషామహల్‌లో 2,000 పడకలతో కొత్త ఉస్మానియా ఆస్పత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. సనత్‌నగర్, అల్వాల్, ఎల్బీ నగర్‌లకు వెయ్యేసి పడకల టిమ్స్ ఆస్పత్రులు తలపెట్టారు. ఉస్మానియా పడకలన్నీ నిండిన రాత్రి ఆ ఆవరణలో నిద్రపోవాల్సినవాళ్లు సిబ్బంది కాకుండానే 4,000 మంది. మంచం పక్కన మడత పడక, అంతస్తుకు స్నానాల గదులు, బట్టలు ఆరేసుకునే చోటు, సామాను పెట్టుకునే అల్మరా, ఫోన్ ఛార్జింగ్ ప్లగ్గులు, వీటిని భవనం లేచాక ఇరికించడం కష్టం. వార్డుకు ఎన్ని మరుగుదొడ్లని లెక్క వేసే ఇంజినీరు పడకల సంఖ్యను రెండుతో గుణించి మొదలుపెట్టాలి.