టర్బో మీద నెపం ఎందుకు?

"టర్బో జోలికి పోకండి సార్, ఇంజను పోతుంది. కంపెనీ టర్బో అలాగే ఉంచి రీమ్యాప్ ఒక్కటి చేయించుకోండి. ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు." ఖరీదైన కార్లు వచ్చే ట్యూనింగ్ షెడ్డుల్లో ఈ మధ్య ఎక్కడ విన్నా ఇదే సలహా. రీల్స్‌లోనూ ఇదే పాట. కొత్తగా కారు కొన్న కుర్రాడి నుంచి కోట్ల కారులో తిరిగే పెద్దమనిషి దాకా దీన్ని వేదవాక్కులా పట్టుకున్నారు. ఇది తప్పుడు సలహా. బంగారంలాంటి ఇంజన్లను బోరుకి తెస్తున్న సలహా.

పెద్ద టర్బో పెడితే ఇంజను పోతుందని, చిన్న టర్బోని ఎంత పిండినా ఏమీ కాదని చెప్పేవాళ్లు ఒక్క లెక్క కూడా వేసి చూడరు. హార్స్‌పవర్ అంటే టార్క్‌ని ఇంజను వేగంతో గుణిస్తే వచ్చేది. 7,000 ఆర్‌పీఎమ్ దగ్గర 600 హార్స్‌పవర్ రావాలంటే 610 న్యూటన్ మీటర్ల టార్క్ చాలు. అదే 600 హార్స్‌పవర్ 4,000 ఆర్‌పీఎమ్ దగ్గర రావాలంటే దాదాపు 1,070 కావాలి. కాగితం మీద రెండూ 600 గుర్రాలే. పిస్టన్‌కీ క్రాంక్‌కీ మధ్య నలిగే కనెక్టింగ్ రాడ్‌కి మాత్రం రెండో 600 దాదాపు ముప్పావు వంతు ఎక్కువ బరువు. చిన్న టర్బో తొందరగా తిరగడం మొదలుపెడుతుంది. కాబట్టి రీమ్యాప్ చేసి, అంటే ఇంజను సాఫ్ట్‌వేర్ మార్చి దానిచేత అదనంగా ఊదిస్తే, ఆ అదనపు టార్క్ వచ్చి పడేది కింది ఆర్‌పీఎమ్‌లోనే, రాడ్ మీద దెబ్బ గట్టిగా తగిలే చోటే.

నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35 సంగతే తీసుకుందాం. 2007 డిసెంబరులో జపాన్‌లో అమ్మకాలు మొదలైన ఈ కారు 2016 డిసెంబరులో రూ.1.99 కోట్ల ధరతో మన దేశానికీ వచ్చింది. 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, రెండు టర్బోలు. యోకోహామాలో ఒక్కో ఇంజనునీ తకుమి అని పిలిచే ఒకే నిపుణుడు చేత్తో బిగించేవాడు. మొదటి కార్లలో 480 హార్స్‌పవర్, 588 న్యూటన్ మీటర్లు. దాన్ని విప్పి చూసిన ఏ ట్యూనర్‌ని అడిగినా చెప్పే మాట ఒకటే: టార్క్ హద్దు మీరితే ముందుగా వంగేది కంపెనీ కనెక్టింగ్ రాడ్.

రాడ్ వంగితే పెద్ద చప్పుడేమీ రాదు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఇదివరకు ఆగిన చోటికన్నా వెంట్రుకవాసి కిందే ఆగిపోతుంది. ఆ ఒక్క సిలిండర్లో కంప్రెషన్ కాస్త పడిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్‌లో సన్నటి వణుకు. ఓనరు స్పార్క్ ప్లగ్ అనుకుని మార్పిస్తాడు. వణుకు పోదు. ఈసారి కాయిల్ అనుకుంటాడు. నెలలు గడిచాక హైవే మీద ఓవర్‌టేక్ చేస్తుండగా ఆ రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది. కారు ట్రక్కెక్కి షెడ్డుకొచ్చాక అక్కడ చేరినవాళ్లు అనేది ఒక్కటే: "టర్బో ఇంజన్లు అంతే సార్." రీమ్యాప్ మాట ఎవరి నోటా రాదు.

నిస్సాన్ స్వయంగా ఏం చేసిందో కూడా చూడాలి. 550 హార్స్‌పవర్, 632 న్యూటన్ మీటర్ల జీటీ-ఆర్ నుంచి 2014లో నిస్మో అనే రకాన్ని తయారుచేస్తూ, జీటీ3 రేసు కారులో వాడిన పెద్ద టర్బోలు తెచ్చి పెట్టింది. శక్తి 600కి చేరింది. టార్క్ ఎంత పెరిగింది? 652కి, అంతే. శక్తి తొమ్మిది శాతం పెరిగితే టార్క్ మూడు శాతం. పెద్ద టర్బోతో పై ఆర్‌పీఎమ్‌లో శక్తి తెచ్చుకుని, కింద రాడ్‌ని కాపాడుకోవడమంటే ఇదే. కారు తయారుచేసిన కంపెనీయే ఈ దారి పట్టినప్పుడు, "టర్బో మాత్రం మార్చకండి" అనే సలహాకి ఆధారం ఎక్కడుంది?

ఇక వేడి సంగతి. గాలిని నొక్కితే అది కాగుతుంది, ఇది సైకిలు పంపు పట్టిన ప్రతి పిల్లాడికీ తెలుసు. ఎంత కాగుతుందనేది టర్బో సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది. 40 డిగ్రీల గాలిని ఒక బార్ బూస్టుకి నొక్కినప్పుడు, 75 శాతం సామర్థ్యంతో పనిచేసే టర్బో నుంచి అది సుమారు 130 డిగ్రీలతో బయటికొస్తుంది. హద్దు దాటి తిరుగుతూ 60 శాతానికి పడిపోయిన చిన్న టర్బో నుంచైతే 155 దాకా వెళ్తుంది. పైగా చిన్న టర్బైను ఎగ్జాస్ట్‌కి అడ్డుపడుతుంది. కాలిన వాయువు పూర్తిగా బయటికి పోక కొంత సిలిండర్లోనే మిగిలి, లోపలికొచ్చే కొత్త గాలిని ఇంకా వేడెక్కిస్తుంది. నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి పేలడం, అక్కడే మొదలవుతుంది. నాకింగ్‌కి పిస్టన్ రింగుల మధ్య ఉండే పల్చటి అల్యూమినియం గట్టు పగులుతుంది. రెండు లీటర్ల సుబారు టర్బో కార్ల మీదా రెండున్నర లీటర్ల వాటి మీదా పనిచేసిన మెకానిక్కులు ఆ పగులుని బాగా ఎరుగుదురు.

అసలు ఈ మూఢనమ్మకానికి ప్రాణం పోస్తున్నది ఇంజను శక్తిని కొలిచే డైనో యంత్రం ఇచ్చే కాగితం. దాని గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఏసీ గది, బానెట్ ఎత్తి ముందు పెట్టిన రాక్షస ఫ్యాను, ట్యాంకులో 100 ఆక్టేన్ పెట్రోలు, చల్లటి ఇంజను. నాలుగో గేరులో 2,000 నుంచి 6,500 ఆర్‌పీఎమ్ దాకా ఒక్క లాగుడు. పట్టుమని పదిహేను సెకన్లు. ప్రింటరు లోంచి రంగుల గీత వస్తుంది, ఓనరు దాన్ని పట్టుకుని ఫొటో దిగుతాడు, షెడ్డువాడు పోస్టు పెడతాడు. ఆ పదిహేను సెకన్లు ఇంజను మన్నికకి పూచీకత్తు ఎలా అవుతాయి? అదే కారు మే నెల మధ్యాహ్నం విజయవాడ హైవే మీద, 43 డిగ్రీల ఎండలో, నలుగురు మనుషులతో, సూర్యాపేట దాటాక దొరికిన మామూలు పెట్రోలుతో గంటసేపు పరుగెత్తినప్పుడు ఆ కాగితం ఏమీ చెప్పదు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో ఎక్స్‌పీ100 తెచ్చిన మాట నిజమే. అది దొరికే బంకులు ఎన్ని? 100 ఆక్టేన్‌కి సరిపెట్టిన రీమ్యాప్ ఫైలుని మామూలు పెట్రోలు మీద నడపమని చేతిలో పెట్టి పంపేవాళ్లు నాక్ లాగ్ చూపించరు. ఏ సిలిండర్లో ఎన్ని డిగ్రీల టైమింగ్ వెనక్కి పోయిందో చూపించరు. మూడో లాగుడు తర్వాత ఇన్‌టేక్ గాలి ఎంత కాగిందో చూపించరు. పోస్టు మీద "స్టేజ్ 1, పూర్తి సేఫ్" అని మాత్రం రాస్తారు. ఆ "సేఫ్" అనే మాట ఏ కొలత మీద వేశారో చెప్పగలిగినవాడు ఒక్కడైనా ముందుకు రావాలి.

చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లకి మరో ప్రమాదం ఉంది. కింది ఆర్‌పీఎమ్‌లో బరువు పడ్డప్పుడు స్పార్కుకి ముందే మంట అంటుకోవడం. ఒక్కసారి జరిగినా పిస్టన్ పగిలిపోవచ్చు. దీన్ని అరికట్టడానికే 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్ అనే కొత్త ఇంజనాయిల్ ప్రమాణం వచ్చింది. నూనె తయారీదారులకే ఇంత భయం ఉంటే, అదే 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర అదనపు బూస్టు ఎక్కించే ఫైలుకి సేఫ్ అని ముద్ర వేయడం బాధ్యతారాహిత్యం.

టర్బో మీద ఈ నెపం కొత్తది కాదు. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారు తెచ్చింది. 3.5 లీటర్ల వీ8, 215 హార్స్‌పవర్, కంప్రెషన్ 10.25. ఆ రోజుల్లో ఇంత కంప్రెషన్ మీద టర్బో పెడితే నాకింగ్ ఖాయం గనుక, నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజన్లోకి చిమ్మే ఏర్పాటు చేశారు. దానికో చిన్న ట్యాంకు. ఓనర్లు ఆ ట్యాంకు నింపలేదు. ద్రవం అయిపోతే బూస్టు తగ్గిపోయేది, కారు మందగించేది, ఫిర్యాదులు వచ్చేవి. చివరికి కంపెనీయే చాలా కార్ల టర్బోలు పీకేసి మామూలు కార్బురేటర్లు బిగించింది. ట్యాంకు నింపనివాళ్లది తప్పు, శిక్ష మాత్రం టర్బోకి. అరవై ఏళ్ల తర్వాత కూడా ఇదే తంతు.

"2జేజెడ్ ఇంజను ఏదైనా తట్టుకుంటుంది" అనే సుప్రా కారు భక్తుల మాట కూడా ఈ కోవలోదే. ఆ ఇనప బ్లాకు గట్టిదే. కానీ వెయ్యి హార్స్‌పవర్ వేడిని ఇనప బ్లాకు ఒక్కటే మోయదు. 2005లో బుగాటి వెయ్యి దాటిన శక్తితో వేరాన్ తెచ్చినప్పుడు అందులో పది రేడియేటర్లు పెట్టింది. రీల్స్‌లో వెయ్యి అని అరిచేవాళ్ల కార్లలో రేడియేటర్లు లెక్కపెట్టి చూడండి.

వారంటీ పోతుందని, వాహనంలో మార్పులను కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుందని కొందరంటారు. అవి టర్బోకి ఎంతో సాఫ్ట్‌వేర్‌కీ అంతే. కంపెనీ సర్వీసు సెంటరు కంప్యూటరుకి ఫైలు మార్చిన సంగతీ తెలిసిపోతుంది.

మరి చేయాల్సిందేమిటి? వరస తిరగేయాలి. ముందు రాడ్లు, పెట్రోలు పంపు, ఇంటర్‌కూలర్, ఆయిల్ కూలర్. ఆ తర్వాత ఇంజనుకి సరిపడే టర్బో. చివర్లో సాఫ్ట్‌వేర్, అదీ ప్రతి గేరుకీ టార్క్ హద్దు పెట్టి. ఏ కారుకి ఏ టర్బో అన్నది ఒక్క మాటలో తేలేది కాదు, కారు వాడకాన్నీ ఊరినీ బట్టి మారుతుంది. కానీ కారు ఓనర్లు ఈ రోజు నుంచే ఒక పని చేయొచ్చు. షెడ్డువాడు హార్స్‌పవర్ కాగితం ఇచ్చినప్పుడు తీసుకోకుండా, 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర టార్క్ ఎంత పెంచావని, ఎండలో ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడిపిన లాగ్ ఏదని అడగాలి. అది చేతికొచ్చాకే డబ్బు కట్టాలి.