గూడబాతుది ఈ కొల్లేరే

కొల్లేటిలోని ఆటపాక పక్షుల చెరువు గట్టు మీద ఈ వారం మళ్లీ అదే మాట చెవిన పడింది. ఓ తండ్రి పిల్లవాణ్ణి భుజాలకెత్తుకుని, నీళ్లలో ఇనుప స్టాండ్ల మీద కూచున్న గూడబాతుల్ని చూపిస్తూ "సైబీరియా నుంచి వచ్చాయిరా నాన్నా" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను. చలికాలం వచ్చిందంటే పేపర్లలో, టీవీల్లో ఆయనకి దొరికేది ఆ ఒక్క మాటే. నా కోపం ఆ వార్తలు రాసేవాళ్ల మీద.

సైబీరియాకీ ఈ పక్షికీ ఏ సంబంధమూ లేదు. ఉత్తర దేశాల చలికి తాళలేక ఇటు వచ్చే బాతులు వేరే ఉన్నాయి. గూడబాతు మన దేశం, శ్రీలంక, కంబోడియా వైపు పుట్టి పెరిగే పక్షి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి ప్రేమికుడు కొల్లేటి ప్రాంతంలో వీటి గూళ్ల స్థావరాన్ని కనిపెట్టి లోకానికి చెప్పాడు. దాదాపు మూడు వేల గూడబాతులు అక్కడ గూళ్లు కట్టుకున్నాయట. 1970ల నడిమికి ఆ స్థావరం ఖాళీ. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి ఆటపాకలో మళ్లీ గుడ్లు పెట్టాయి. అవి చుట్టపుచూపుగా వచ్చినవి కావు, పోగొట్టుకున్న ఇంటికి తిరిగొచ్చినవి.

ఈ సంగతి పడవెక్కితే తెలియదు. పడవ దగ్గరికొస్తే పక్షి తన పని మానేసి మనల్ని చూస్తుంది. మనం ఫోను ఎత్తుతాం, ఒడ్డుకొచ్చి బజ్జీలు తిని కారెక్కుతాం. గట్టు మీద నడవాలి. తెల్లవారగానే, మాట్లాడకుండా, ఆగి ఆగి నడవాలి. అప్పుడు కనిపిస్తుంది మగపక్షి పుల్ల ముక్కున కరుచుకుని రావడం, ఆడపక్షి దాన్ని గూట్లో సర్దుకోవడం. పిల్ల తన తలంతా తల్లి ముక్కుసంచిలోకి దూర్చి చేప తినడం చూసిన పిల్లలెవరూ దాన్ని పరాయి దేశపు పక్షి అనుకోరు. పక్క స్టాండు మీద ఎర్రకాళ్ల కొంగలు, కింద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు. ఏలూరు, తాడేపల్లిగూడెం బడుల వాళ్లు పిల్లల్ని విహారయాత్రలంటూ ఎక్కడెక్కడికో తీసుకెళ్తారు. ఒక్క పొద్దు ఇక్కడ నడిపించండి. ఆ గట్టుని మట్టిగట్టుగానే ఉండనివ్వండి. టైల్స్ వద్దు, సెల్ఫీ బోర్డులు వద్దు, మోటారుసైకిళ్లు అసలే వద్దు.

అయినా నడవడానికి ఈ ఒక్క చెరువు గట్టేనా? 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించింది ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డున వెళ్తూ అటూ ఇటూ చూడండి, ఆ అభయారణ్యం ఎక్కడుందో. చేపల చెరువులు, మేత లారీలు, కాపలా పాకలు. ఆ గట్ల మీద అడుగుపెడితే "ఎవరండీ మీరు?" అని నిలదీస్తారు. 2006లో ప్రభుత్వం కొట్టేసిన చేపల చెరువుల గట్లు ఎన్ని మళ్లీ లేచాయో కొల్లేటి ఊళ్లలో ఎవర్నడిగినా చెబుతారు.

పైగా అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించమన్న కోరిక ఎన్నికలకొకసారి లేస్తూనే ఉంటుంది. 2008లో శాసనసభ తీర్మానమే చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 2011లో చూసి, కుదించొద్దని చెప్పింది. అయినా వినేవాళ్లేరీ? జిరాయితీ భూమి పోయిన చిన్నరైతు బాధ నిజం, అతనికి పరిహారం ఇచ్చి తీరాలి. కానీ అతని పేరు చెప్పి వందల ఎకరాల లీజుదారులు సరస్సుని మింగుతుంటే ఊరుకోకూడదు. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు ఆ నీరంతా నిలవాల్సింది ఈ కొల్లేట్లోనే. 2024 సెప్టెంబరులో బెజవాడని ముంచిన బుడమేరు కూడా చివరికి వచ్చి చేరేది ఇక్కడికే. దానికి అడ్డంగా గట్లు కట్టి, ఆ నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పూడిపోతున్నా పట్టించుకోకుండా, ఉన్న హద్దుని ఇంకా లోపలికి జరపమని ఏ ముఖంతో అడుగుతారు?