1,500 మీటర్ల రన్‌వే, గాలి చెప్పే లెక్క: పుదుచ్చేరికి తగిన విమానం ఏది?

పుదుచ్చేరిలో విమానాశ్రయం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ఇక్కడికి పెద్ద జెట్ విమానం ఎప్పుడు వస్తుంది? లాస్‌పేటలోని విమానాశ్రయానికి 2024 డిసెంబరు 20 నుంచి ఇండిగో సంస్థ హైదరాబాద్, బెంగళూరు నగరాలతో మళ్లీ రాకపోకలు ప్రారంభించింది. అంతకు ముందు 2024 మార్చి నెలాఖరు నుంచి దాదాపు తొమ్మిది నెలలు ఇక్కడ ప్రయాణికుల విమానమే లేదు. తిరిగి వచ్చిన విమానం ఏటీఆర్ 72. రెక్కల కింద రెండు ప్రొపెల్లర్లు తిరిగే విమానం. దానిని చూసి 'ఇంకా పంకాల విమానమేనా' అని పెదవి విరిచినవారూ ఉన్నారు.

ఆ పెదవి విరుపు వెనుక ఒక అపోహ ఉంది. ప్రొపెల్లర్ పాతకాలపు యంత్రమనీ, జెట్ ఇంజిన్ దానికి పూర్తి భిన్నమైన ఆధునిక యంత్రమనీ చాలామంది భావిస్తారు. వాస్తవానికి రెండూ చేసే పని ఒకటే. గాలిని వెనక్కి నెట్టి, ఆ నెట్టుడుకు ప్రతిచర్యగా విమానాన్ని ముందుకు నడపడం. ఎంత గాలిని, ఎంత వేగంతో నెడతాయన్నదే తేడా. రన్‌వే పొడవు, ఇంధన వ్యయం, ఒక చిన్న పట్టణానికి విమానం నిలకడగా వచ్చే అవకాశం ఈ తేడాతో ముడిపడి ఉన్నాయి. అందువల్ల పుదుచ్చేరి విమానాశ్రయ చర్చలో పాల్గొనే ప్రతి పౌరుడికీ ఈ గాలి లెక్క కొంత తెలిసి ఉండటం అవసరం.

ఇంటి పంకా నుంచి విమానం వరకు

ఇంట్లోని బల్ల పంకాను గమనిస్తే మొదటి పాఠం అర్థమవుతుంది. పంకా ముందు కూర్చుంటే గాలి బలంగా తగులుతుంది. వెనుక కూర్చుంటే అంతగా తెలియదు. వెనుక వైపు పంకా అన్ని దిక్కుల నుంచీ గాలిని నెమ్మదిగా లాగుకుంటుంది. ముందు వైపు మాత్రం దానిని ఒకే దిశలో ధారగా వదులుతుంది. పంకా రెక్క కాస్త వంపుగా, వాలుగా ఉండటానికి కారణం ఇదే. తిరుగుతున్న ప్రతి రెక్కా నిజానికి ఒక చిన్న విమానపు రెక్క వంటిది. అది గాలిని ఒక వైపు నెడుతుంది. గాలి దానిని అంతే బలంతో ఎదురు దిశలో నెడుతుంది. బల్ల మీద పంకా కదలకపోవడానికి దాని బరువూ, బల్లతో దానికుండే ఘర్షణా కారణం. నున్నని చక్రాల మీద పెడితే అది వెనక్కి జరుగుతుంది.

విమానం ముందుకు వెళ్లేది ఇంజిన్ వెనుక నుంచి వచ్చే వాయువు బయటి గాలిని తన్నడం వల్లనని కొందరు అనుకుంటారు. ఇది సరికాదు. గాలిని వేగవంతం చేసే క్రమంలో ఇంజిన్ లోపలి భాగాల మీద, ప్రొపెల్లర్ రెక్కల మీద పడే ప్రతిబలమే విమానాన్ని నడిపిస్తుంది. దీనినే అభిబలం అంటారు. సెకనుకు ఎన్ని కిలోల గాలిని పట్టుకున్నాం, దాని వేగాన్ని ఎంత పెంచాం అనే రెండు అంకెల గుణకారమే స్థూలంగా అభిబలం.

ఇక్కడే అసలు మలుపు ఉంది. నిశ్చలంగా ఉన్న గాలిని సెకనుకు 10 కిలోల చొప్పున పట్టుకొని సెకనుకు 100 మీటర్ల వేగంతో నెట్టామనుకుందాం. అభిబలం 1,000 న్యూటన్లు. అదే అభిబలాన్ని 100 కిలోల గాలిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నెట్టి కూడా పొందవచ్చు. అయితే గతిజశక్తి వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది. మొదటి పద్ధతిలో గాలికి సెకనుకు 50,000 జౌళ్ల శక్తి ఇవ్వాలి. రెండో పద్ధతిలో 5,000 జౌళ్లు చాలు. ఫలితం ఒకటే, ఖర్చు పది రెట్లు తేడా. ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టడం పొదుపు. తక్కువ గాలిని వేగంగా నెట్టడం దుబారా. గత అరవై ఏళ్లలో విమాన ఇంజిన్ల పరిణామమంతా ప్రధానంగా ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరిగింది.

జెట్ ఇంజిన్‌లోనూ పంకాయే

తొలితరం జెట్ ఇంజిన్లలో లోపలికి వచ్చిన గాలి అంతా దహన గది గుండానే సాగేది. కంప్రెసర్ గాలిని కుదిస్తుంది, దహన గదిలో ఇంధనం మండుతుంది, వేడెక్కి వ్యాకోచించిన వాయువు టర్బైన్‌ను తిప్పి వెనుక నుంచి మహావేగంతో బయటపడుతుంది. టర్బైన్ ఆ శక్తిలో కొంత తీసుకొని ముందున్న కంప్రెసర్‌ను తిప్పుతుంది. ఈ ఇంజిన్లు బలమైనవే గాని ఇంధనాన్ని విపరీతంగా తాగేవి. వాటి హోరు కూడా భరించరానిదే.

నేటి ఎయిర్‌బస్ ఎ320 నియో ఇంజిన్ ముందు నిలబడి చూస్తే కనిపించేది ఒక పెద్ద పంకా. లీప్ రకం ఇంజిన్‌లో ఆ పంకా వ్యాసం దాదాపు 1.98 మీటర్లు. కార్బన్ నారతో చేసిన 18 రెక్కలు ఉంటాయి. లోపలికి వచ్చే ప్రతి 12 కిలోల గాలిలో సుమారు ఒక కిలో మాత్రమే మంట ఉన్న గర్భంలోకి వెళుతుంది. మిగిలిన 11 కిలోలు దాని చుట్టూ తిరిగి చల్లగానే వెనక్కి పోతాయి. విమానాన్ని ముందుకు నడిపే బలంలో అధికభాగం ఈ చల్లని గాలిదే. లోపలి మంట చేసే ప్రధానమైన పని ఆ పంకాను తిప్పడం. అంటే మనం జెట్ అని పిలుస్తున్నది చాలావరకు గొట్టంలో అమర్చిన ప్రొపెల్లరే.

ఏటీఆర్ 72 ఇంజిన్‌లోనూ కంప్రెసర్, దహన గది, టర్బైన్ ఉంటాయి. అది కూడా గ్యాస్ టర్బైనే. తేడా ఏమిటంటే, టర్బైన్ శక్తి పళ్లచక్రాల పెట్టె ద్వారా బయట ఉన్న ఆరు రెక్కల ప్రొపెల్లర్‌కు అందుతుంది. ఆ ప్రొపెల్లర్ వ్యాసం 3.93 మీటర్లు. కనుక 'పాతకాలపు పంకా' అన్న మాటకు అర్థం లేదు.

మరి జెట్ ఎందుకు? వేగం కోసం. ఏటీఆర్ ప్రొపెల్లర్ టేకాఫ్ సమయంలో నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతుంది. లెక్క వేస్తే రెక్క కొన అప్పటికే సెకనుకు దాదాపు 247 మీటర్ల వేగంతో గాలిని కోస్తోంది. దానికి విమానపు ముందుచలనం కూడా తోడవుతుంది. రెక్క కొన ధ్వనివేగానికి చేరువైతే గాలిలో అఘాత తరంగాలు పుట్టి సామర్థ్యం పడిపోతుంది, చప్పుడు పెరుగుతుంది. అందుకే ఏటీఆర్ గంటకు 500 కిలోమీటర్ల పైచిలుకు వేగం దగ్గర ఆగిపోతుంది. గొట్టంలోని పంకాకు ఆ చిక్కు తక్కువ. గాలి పంకాను చేరేలోపే గొట్టపు ముఖద్వారం దాని వేగాన్ని తగ్గిస్తుంది. అందువల్ల జెట్ విమానం 800 కిలోమీటర్లు దాటి పోగలదు.

పొట్టి రన్‌వే ఏం కోరుతుంది?

ఇప్పుడు లాస్‌పేటకు వద్దాం. ఇక్కడి రన్‌వే పొడవు సుమారు 1,500 మీటర్లు. పూర్తి బరువుతో, సముద్రమట్టం వద్ద, 15 డిగ్రీల ప్రామాణిక ఉష్ణోగ్రతలో ఏటీఆర్ 72కు టేకాఫ్ కోసం దాదాపు 1,300 మీటర్లు కావాలి. ఎ320 నియోకు దాదాపు 2,000 మీటర్లు. పెద్ద జెట్ ఇక్కడికి రాలేకపోవడానికి మూలకారణం ఇదే.

ప్రొపెల్లర్ల వైశాల్యాన్ని విమానపు బరువుతో పోల్చితే ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. ఏటీఆర్ గరిష్ఠ బరువు 23 టన్నులు. దాని రెండు ప్రొపెల్లర్లు తుడిచే వైశాల్యం 24 చదరపు మీటర్లు. అంటే టన్నుకు ఒక చదరపు మీటరుకు పైగానే. ఎ320 నియో గరిష్ఠ బరువు 79 టన్నులు. దాని రెండు పంకాల వైశాల్యం కలిపి ఆరు చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. టన్నుకు పన్నెండో వంతు చదరపు మీటరు కూడా లేదు. నేల మీద నెమ్మదిగా కదులుతున్నప్పుడు ఎక్కువ గాలిని పట్టుకోగల యంత్రమే తన శక్తిని పొదుపుగా అభిబలంగా మార్చగలదు. దిగేటప్పుడూ ప్రొపెల్లర్‌కు ఒక సౌలభ్యం ఉంది. రెక్కల కోణాన్ని మార్చి గాలిని ముందుకు నెడితే అదే యంత్రం బ్రేకుగా పనిచేస్తుంది.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు ఎనిమిది శాతం తక్కువ. రెక్కకు ఆధారం తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు అందే గాలి తగ్గుతుంది, ఇంజిన్ శక్తీ తగ్గుతుంది. నేలను వదలడానికి మరింత దూరం పరుగెత్తాలి. మే నెల మధ్యాహ్నం పొట్టి రన్‌వే నుంచి లేచే విమానం కొన్నిసార్లు కొందరు ప్రయాణికులనో, కొంత సామానునో తగ్గించుకోవలసి రావచ్చు. అది సంస్థ నిర్లక్ష్యం కాదు. భద్రతా నియమం.

హైదరాబాద్ ఇక్కడికి ఆకాశమార్గాన దాదాపు 600 కిలోమీటర్లు. ఈ దూరంలో జెట్ వేగం వల్ల ఆదా అయ్యేది అరగంటలోపే. రన్‌వే పొడవు లేనందున చెన్నైలో దిగి రోడ్డున పుదుచ్చేరి చేరాలంటే మూడు గంటలు అదనం. ఈ మార్గంలో నెమ్మదైన విమానమే ప్రయాణికుణ్ణి ముందుగా ఇంటికి చేరుస్తుంది.

వచ్చి పోయిన విమానాలు

అయితే తగిన విమానం ఉన్నంత మాత్రాన సర్వీసు నిలవదు. పుదుచ్చేరి అనుభవమే ఇందుకు సాక్ష్యం. కొత్త టెర్మినల్‌తో 2013 జనవరిలో స్పైస్‌జెట్ బెంగళూరు సర్వీసు మొదలుపెట్టి, మరుసటి ఏడాది ఆపివేసింది. 2015లో అలయన్స్ ఎయిర్ వచ్చి అదే ఏడాది వెళ్లిపోయింది. ప్రాంతీయ అనుసంధాన పథకం ఉడాన్ కింద 2017 ఆగస్టులో హైదరాబాద్ సర్వీసు మొదలైంది. కోవిడ్ కాలంలో ఆగి, 2022 మార్చిలో తిరిగి వచ్చి, 2024 మార్చిలో మళ్లీ ముగిసింది. ఇవన్నీ ప్రొపెల్లర్ విమానాలే. ఇవన్నీ ఈ రన్‌వే మీద దిగగలిగినవే. కాబట్టి అవి ఆగిపోవడానికి రన్‌వే పొడవు ఒక్కటే కారణమని చెప్పలేం. సీట్లు నిండటం, ఇంధన ధర, సంస్థ ఆర్థిక స్థితి, ప్రభుత్వ తోడ్పాటు, ముందుకు వెళ్లే విమానాలతో వేళల పొంతన ఇవన్నీ కలిసి సర్వీసు ఆయుష్షును నిర్ణయిస్తాయి.

తెలుగువారికి ఈ అనుభవం కొత్త కాదు. ఉడాన్ పథకం ప్రారంభమైన 2017 ఏప్రిల్ 27న సిమ్లా-ఢిల్లీ సర్వీసుతో పాటు మొదలైన వాటిలో కడప-హైదరాబాద్ ఒకటి. ట్రూజెట్ నడిపిన ఆ విమానం కూడా ఏటీఆరే. రాజమహేంద్రవరం మరో దారి చూపింది. అక్కడ ఏళ్ల తరబడి ప్రధానంగా ప్రొపెల్లర్ విమానాలే తిరిగాయి. ప్రయాణికులు పెరిగారు. రన్‌వేను 3,165 మీటర్లకు పొడిగించారు. ఆ తరువాత 2024 డిసెంబరులో ముంబయి, ఢిల్లీలకు నేరుగా ఎయిర్‌బస్ సర్వీసులు మొదలయ్యాయి. ముందు ప్రొపెల్లర్ విమానం రద్దీని పెంచింది, ఆ రద్దీ జెట్‌కు దారి వేసింది.

ఇంజిన్ వైద్యం, హైదరాబాద్ పాత్ర

ఇంజిన్ల లభ్యత మరో అంశం. 2023లో ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ టర్బోఫ్యాన్ ఇంజిన్లలో వాడిన లోహపు పొడిలో లోపం బయటపడి ప్రపంచవ్యాప్తంగా వందలాది విమానాలు నేలకు పరిమితమయ్యాయి. ఒక దశలో ఇండిగోకే 70కి పైగా విమానాలు అలా నిలిచిపోయాయి. దహన గది వాయువు వేడి లోహం కరిగే ఉష్ణోగ్రతను మించి ఉంటుంది. టర్బైన్ రెక్కల లోపలి సన్నని మార్గాల గుండా చల్లని గాలిని పంపి వాటిని కాపాడుతారు. అంతటి సూక్ష్మమైన పనిలో చిన్న లోపమూ పెద్ద మూల్యం అడుగుతుంది.

ఈ రంగంలో హైదరాబాద్ స్థానం పెరుగుతోంది. రక్షణ లోహ పరిశోధనశాల ఏకస్ఫటిక టర్బైన్ రెక్కలను రూపొందించి, 60 రెక్కలను హెలికాప్టర్ ఇంజిన్ కోసం హెచ్ఏఎల్‌కు అందించినట్లు 2021లో డీఆర్‌డీవో ప్రకటించింది. లీప్ ఇంజిన్ల మరమ్మతు కోసం సఫ్రాన్ సంస్థ శంషాబాద్‌లో నెలకొల్పిన కేంద్రాన్ని 2025 నవంబరు 26న ప్రధానమంత్రి ప్రారంభించారు. మరమ్మతు దగ్గరలో జరిగితే విమానం నేల మీద గడిపే రోజులు తగ్గుతాయి.

యానాం నుంచి చూస్తే

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో గోదావరి ఒడ్డున ఉన్న యానాం తెలుగు ప్రాంతం. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనాభా 55,626. వారి రాజధాని రోడ్డు మార్గాన 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. సచివాలయంలో పని ఉన్న ఉద్యోగికి, ఇక్కడి కళాశాలలో చదివే విద్యార్థికి, జిప్మర్‌కు వచ్చే రోగికి ఆ దూరం నిత్య సమస్య. రాజమహేంద్రవరంలో విమానం ఎక్కి హైదరాబాద్ మీదుగా పుదుచ్చేరి చేరే మార్గం చుట్టుదారే. అయినా అత్యవసర వేళ ఒక రాత్రి రైలు ప్రయాణాన్ని అది ఆదా చేయగలదు. హైదరాబాద్‌లో రెండు విమానాల వేళలూ కలిస్తేనే అది సాధ్యం.

రన్‌వే పొడిగింపు కోరిక న్యాయమైనదే. దానికి పొరుగు రాష్ట్రం తమిళనాడులోని భూమి కావాలి. భూమి ఇచ్చేవారికి పరిహారం, చుట్టుపక్కల నివాసాల మీద ధ్వని ప్రభావం, పెట్టుబడికి తగిన రద్దీ ముందుగా తేలవలసిన విషయాలు. ఇవి ఏళ్ల తరబడి పట్టే పనులు. ఆ ఏళ్లలో ఉన్న సర్వీసు మరోసారి ఆగిపోకుండా చూడటం అంతకంటే తక్షణమైన బాధ్యత. ఇంధనంపై పన్ను, సీట్లకు ప్రభుత్వ హామీ, హైదరాబాద్‌లో వేళల పొంతన ఇవి ఈ రన్‌వే మీదనే, ఈ విమానంతోనే పరిష్కరించగల విషయాలు.

పెద్ద జెట్ కోసం ఎదురుచూడటంలో తప్పు లేదు. దాని కోసం ఎదురుచూస్తూ ఇప్పుడు వస్తున్న విమానాన్ని చిన్నచూపు చూడటం మాత్రం సరికాదు. ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టే ఆ ఆరు రెక్కల ప్రొపెల్లరే ప్రస్తుతానికి ఈ 1,500 మీటర్లకు తగిన యంత్రం. అది నిండుగా, నిలకడగా తిరిగితేనే పొడవైన రన్‌వే కావాలన్న వాదనకు బలం చేకూరుతుంది.